మంగళవారం మా ఇంట్లో

పోయిన వినాయక చవితికి ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం పిక్నిక్ పెట్టుకుంది కదా, అక్కడ పులిహోర బల్ల చివర ఒక కుర్రాడు నిలబడ్డాడు. ప్లేటు ఖాళీ అయిపోయింది. అయినా అక్కణ్ణుంచి కదలడు, అలాగని మళ్ళీ వడ్డించుకోడు. ఆ నిలబడటం చూడగానే అనుకున్నాను, వీడు మనవాడే అని. తెలుగువాడని కాదు, అక్కడున్న మూడొందల మందీ తెలుగువాళ్ళే. మా కోనసీమవాడని.

"ఏ ఊరు బాబూ?"

"అమలాపురం దగ్గరండి."

"దగ్గరంటే?"

"ముక్తేశ్వరం అవతలండి. లంక."

"తిన్నావా?"

"ఆయ్, తినేశానండి."

వచ్చి మూడు వారాలైందట. మాస్టర్స్. ఆ గంటలో నేను చూస్తుండగానే ఏడెనిమిది మంది వాడి భుజం తట్టారు. అందరిదీ ఒకటే మాట: "ఏం కావాలన్నా మొహమాటపడకుండా ఫోన్ చెయ్యి." నేనూ అదే అన్నాను. నంబరు కూడా ఇచ్చి, ఒక మంచి పని చేశానన్న తృప్తితో ఇంటికొచ్చాను.

నవంబర్లో మళ్ళీ కనిపించాడు. ఇండియన్ కొట్టు బయట, పల్చటి జాకెట్ వేసుకుని, ఇరవై పౌండ్ల బియ్యం బస్తా భుజానెత్తుకుని బస్సు కోసం చూస్తున్నాడు. చలి మామూలుగా లేదు. కారు ఆపి ఎక్కించుకున్నాను. ఫోన్ చెయ్యలేదేం అని అడిగితే, "మీకెందుకండి ఇబ్బంది" అన్నాడు. వాడి ఫోన్లో ఎనిమిది నంబర్లున్నాయి. ఒక్కదానికీ చెయ్యలేదు.

ఈ కథ చెబితే మన మిత్రులొకరు, "ఈ కాలం పిల్లలకి చొరవ లేదండీ" అన్నారు. నాకు ఆ మాట గుచ్చుకుంది. తప్పు వాడిది కాదు, మనది. "ఏం కావాలన్నా అడుగు" అనడం మన ఊళ్ళ మర్యాద ఎప్పుడైంది? గుమ్మంలోకి వచ్చినవాణ్ణి "భోంచేసి వచ్చారా, వెళ్ళి భోంచేస్తారా" అని అడిగే పిసినారి మీద మనమందరం జోకులేసుకుంటాం. గోదావరి జిల్లాల్లో వచ్చినవాణ్ణి తింటావా అని అడగరు. ఆకు వేసేసి, కాళ్ళు కడుక్కోమంటారు. అడిగితే ఎవడైనా వద్దనే అంటాడని వాళ్ళకి తెలుసు. ఇక్కడికొచ్చాక మనం ఆ ఆకు వెయ్యడం మానేసి, దానికి బదులు ఫోన్ నంబర్లు పంచుతున్నాం.

నేను బయల్దేరింది 2003 ఆగస్టు మొదటి వారంలో. గోదావరి పుష్కరాలు నడుస్తున్నాయి, జూలై 30న మొదలై ఆగస్టు 10 దాకా. ఎర్రనీళ్ళు వచ్చేసి, మా లంక రేవులో పడవ దాటడమే ఒక పరీక్షగా ఉంది. అయినా ఇంటినిండా చుట్టాలు. చుట్టాలని ఎందుకంటున్నానో నాకే తెలీదు. మా పెద్దమ్మ తోటికోడలి అన్నగారి వియ్యంకులట, అందులో సగం మంది పేర్లు అమ్మకి తెలీవు. పొద్దున్నే స్నానానికి వెళ్ళొచ్చి అరుగు మీద కూర్చుంటే ఇడ్లీ పళ్ళేలు వచ్చేసేవి. ఆ హడావుడిలోనే నా రెండు పెట్టెలూ సర్దారు: కుక్కరు, కందిపొడి, ఆవకాయ, అయినవిల్లి వినాయకుడి దగ్గర పెట్టించిన ఒక పెన్ను. ఇప్పుడైతే ఆ గుళ్ళో పరీక్షల ముందు పిల్లలందరికీ పెన్నులు పంచుతున్నారు. నాది మాత్రం అమ్మ విడిగా పూజ చేయించినది.

వరదలో పెట్టెలు దాటించినాయన డబ్బు తీసుకోలేదు. "తిరిగొచ్చాక ఇద్దువుగాన్లే" అన్నాడు. మూడేళ్ళకి తిరిగెళ్ళాను, అప్పటికి ఆయన లేడు. ఆ బాకీ అలాగే ఉండిపోయింది.

రాజమండ్రిలో రైలు బ్రిడ్జి మీదికి రాగానే అందరితో పాటు నేనూ రూపాయి బిళ్ళ విసిరాను. అమ్మ రైలెక్కించే ముందు చెప్పిన మాట ఒక్కటే: "భయపడకు నాన్నా, దేవుడు ఎవరో ఒకరి రూపంలో వస్తాడు." అప్పుడు నాకది అమ్మలు చెప్పే మామూలు మాటలానే అనిపించింది.

ఒహాయోలో ఒక చిన్న యూనివర్సిటీ ఊరు. బస్సు దిగేసరికి రాత్రి పదకొండు. వస్తానన్న సీనియర్ రాలేదు. నేను రాసిన ఈమెయిల్ అతను చూడనే లేదని తర్వాత తెలిసింది. చేతిలో ఒక నంబరు. అది మోగుతోంది గానీ ఎవరూ ఎత్తరు. కౌంటర్లో ఉన్న నల్లజాతి పెద్దావిడ స్టేషన్ మూసేసి, తాళాలు చేత్తో పట్టుకుని, కారెక్కమంది. ఎవరి కారూ ఎక్కొద్దని ఊళ్ళో పదిమంది చెప్పి పంపారు. ఎక్కాను. వేరే దారేముంది? దారిలో తన శాండ్‌విచ్‌లో సగం తుంచి ఇచ్చింది. అందులో ఏం మాంసమో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. అమ్మ ఈ పత్రిక చదవదనే ధైర్యంతో రాస్తున్నాను.

మొదటి నెల నలుగురం ఒక హాల్లో కార్పెట్ మీద పడుకున్నాం. నా మొదటి మంచం ఊళ్ళో ఉన్న లూథరన్ చర్చి బేస్‌మెంట్ నుంచి వచ్చింది. అక్కడ విదేశీ విద్యార్థులకి పాత మంచాలు, బల్లలు, చలికోట్లు ఉచితంగా ఇచ్చేవారు. నాకది వింతగా అనిపించలేదు. మా ఊళ్ళో రామాలయం మైకూ, చర్చి మైకూ ధనుర్మాసంలో తెల్లవారుజామున పోటీపడేవి. నిద్ర మాత్రం రెండింటికీ సమానంగా పోయేది. మంచం మోసుకొచ్చిన ముసలి దంపతులు దాన్ని బిగించి, కాసేపు కూర్చుని, వెళ్ళేటప్పుడు చెప్పారు: "మంగళవారం సాయంత్రం ఆరింటికి మా ఇంట్లో భోజనం. ఐదున్నరకి కారు తీసుకొస్తాం."

ఏమైనా కావాలా అని అడగలేదు. వస్తావా అని కూడా అడగలేదు. మంగళవారం, ఆరింటికి. అంతే.

రెండేళ్ళు. ఉడకబెట్టిన బంగాళాదుంప, బీన్సు, రొట్టె. ఆయన మొక్కజొన్న రైతు. మా కాలవల గురించి, వేసవిలో కాలవలు కట్టేస్తారని, లాకుల గురించి అడిగి అడిగి చెప్పించుకునేవాడు. వరి ఆకుమడి వెయ్యడం ఎలాగో కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. ఒకసారి ఆవకాయ పట్టుకెళ్తే ఒక ముక్క నోట్లో పెట్టుకుని, ఎర్రగా అయిపోయి, రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు. తర్వాతి మంగళవారం ఆయనే అడిగాడు, ఆ సీసా తేలేదేం అని. భోజనానికి ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవాళ్ళు. నేనూ మూసుకుని మా వినాయకుణ్ణి తలుచుకునేవాణ్ణి. మతం సంగతి వాళ్ళెప్పుడూ ఎత్తలేదు. మొదటి క్రిస్మస్‌కి చర్చికి వస్తావా అన్నారు, వెళ్ళాను. అమ్మకి ఫోన్లో చెబితే, "ఏ దేవుడు పెట్టినా అన్నమే కదరా" అంది.

ఈ మంగళవారాల సంగతి మా ఊరి తెలుగు మాస్టారికి ఉత్తరం రాశాను. ఆయన జవాబులో ఒక వాక్యం: "వాళ్ళు నీకు వారం ఇచ్చార్రా."

వారాలు చేసుకుని చదువుకోవడం అంటే ఏమిటో ఇక్కడ పుట్టిన మన పిల్లలకి తెలీదు, మనలో కూడా చాలామందికి సరిగ్గా తెలీదు. రాజమండ్రికో కాకినాడకో చదువుకి వచ్చిన పేద కుర్రాడు ఏడు ఇళ్ళు చూసుకునేవాడు. సోమవారం ఒక ఇంట్లో భోజనం, మంగళవారం ఇంకో ఇంట్లో. ఇంట్లోవాళ్ళకి అదొక బరువు కాదు, వారానికి ఒక్క రోజు ఒక ఆకు ఎక్కువ. మాస్టారు చిన్నప్పుడు అలా చదివినాయనే. ఆయన చెప్పిన వాటిలో నాకు బాగా గుర్తుండిపోయినది ఒకటుంది. వారం ఇచ్చిన ఇంటివాళ్ళు ఊరెళితే, ఆ రోజు పిల్లాడికి పెట్టమని పక్కింట్లో చెప్పి మరీ వెళ్ళేవారట. ఆయనకి గురువారం ఇల్లు దొరకలేదు. "గురువారం ఒక్కపొద్దురా నాకు, భక్తి వల్ల కాదు" అని నవ్వేవారు. ఒక ఇంట్లో మజ్జిగన్నమే పెట్టేవారట. ఇంకో ఇంట్లో ముందు నీళ్ళు తోడించి, తర్వాత పెట్టేవారట. అన్ని ఇళ్ళూ ఒకలా ఉండవు కదా. అయినా ఆ కుర్రాడు రోజూ ఎవరి గుమ్మం ముందూ నిలబడి కొత్తగా అడగక్కర్లేదు. ఒకసారి అడిగితే ఆ ఏడాదంతా ఆ రోజు వాడిది. ఆ ఏర్పాటులో నాకు నచ్చింది ఇదే. అడగాల్సిన అవమానాన్ని అది ఏడాదికి ఒక్కసారికి కుదించింది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఆ వారాలు ఎక్కువగా బ్రాహ్మణ పిల్లలకి బ్రాహ్మణ ఇళ్ళల్లో దొరికినవి. మా నాన్నకి ఎవరూ వారం ఇవ్వలేదు, ఇచ్చేవారూ కారు. ఆయన ప్రభుత్వ హాస్టల్లో నీళ్ళ చారుతో చదివాడు. సత్రాలూ అంతే, ఏ కులానికి ఆ కులం. కాబట్టి పాత రోజులన్నీ బంగారమని నేను అనను. ఆ పద్ధతిలోంచి రోజు కట్టుబాటు తీసుకుందాం, పంక్తి తేడా అక్కడే వదిలేద్దాం. ఇది ఊరికే అనడం లేదు. ఈ దేశంలో కూడా కొత్తగా వచ్చిన పిల్లాణ్ణి ఇంటిపేరు అడిగి, ఊళ్ళో ఏ వీధి అని అడిగి, ఆ తర్వాత ఆప్యాయత ఎంత చూపించాలో తేల్చుకునే పెద్దమనుషులు నాకు తెలుసు. మీకూ తెలుసు.

అలాంటి లెక్కలు చూసుకోని మనిషి మన గడ్డ మీదే ఉంది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు, 1841లో పుట్టి 1909లో పోయారు. గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకి వేళాపాళా లేకుండా, కులం అడక్కుండా వండి పెట్టారు. ఆమె గురించి మా వైపు చెప్పుకునే కథ ఒకటుంది. ఎన్నాళ్ళనుంచో అంతర్వేది నరసింహస్వామిని చూడాలని ఉండి, ఒకరోజు బయల్దేరారట. దారిలో ఒక పెళ్ళివారి గుంపు, ఆకలితో నకనకలాడుతున్న పిల్లల్ని "ఇంకాస్త ఓర్చుకోండి, సీతమ్మ గారింటికి వెళితే అన్నం పెడతారు" అని సముదాయించడం విన్నారట. వెంటనే వెనక్కి తిరిగి, వాళ్ళకంటే ముందు ఇంటికి చేరి, పొయ్యి వెలిగించారట. నేను చిన్నప్పుడు విన్న భక్తి కథల్లో గుడికి వెళ్ళకుండా ముగిసేది ఇదొక్కటే. ఇప్పుడు గన్నవరం అక్విడెక్టుకి, అంటే నది మీదుగా కాలవని దాటించే వంతెనకి, ఆమె పేరుంది. 2024లో బడుల్లో మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరే పెట్టారు.

ఇక ఒంటరిగా సముద్రం దాటి చదువుకెళ్ళడం అంటే మనవాళ్ళకి మొదట గుర్తు రావాల్సినాయన మందుల శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. 1920ల మొదట్లో బోస్టన్ చేరారు. స్కాలర్‌షిప్ లేదు. రాత్రిళ్ళు ఆసుపత్రిలో పోర్టరుగా రోగుల మలమూత్రాలు ఎత్తి, పగలు చదువుకున్నారు. ఆయన విజయగాథ మనం వేదికల మీద చాలాసార్లు విన్నాం, నేను మళ్ళీ చెప్పను. వేదికల మీద వినపడని ఒక సంగతి చెబుతాను. ఆయన ప్రయాణానికి మామగారు సమకూర్చిన డబ్బుకి తోడు, అండగా నిలబడింది కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ. ఆ నాయకర్ ఎవరు? కోరంగి రేవు వైపు నుంచి పొట్టచేతబట్టుకుని రంగూన్ వెళ్ళి, అక్కడ సంపాదించినది ధర్మానికి రాసేసిన మనిషి. బర్మాలో మన కూలీలందర్నీ ఆ రేవు పేరుతో కోరంగీలనే పిలిచేవారు. అంటే ఒక వలసవెళ్ళినవాడి డబ్బు ఇంకో వలసవెళ్ళేవాడికి దారిఖర్చు అయింది. ఆ కుర్రాడు పెద్దవాడై నడిపిన పరిశోధనలోంచి 1947లో బోదకాలు మందు, డైఇథైల్ కార్బమజైన్, వచ్చింది. మా లంకల్లో బోదకాలు లేని వీధి ఉండేది కాదు. ఏడాదికోసారి ఆరోగ్య కార్యకర్త ఇంటికొచ్చి, ఎదురుగా నిలబడి మింగించి వెళ్ళిన మాత్ర అదే. చిన్నప్పుడు నేను దాన్ని నాలుక కింద దాచి, ఆవిడ వెళ్ళాక పెరట్లో ఉమ్మేసేవాణ్ణి. ఎవరి కష్టం ఉమ్మేస్తున్నానో అప్పుడేం తెలుసు?

అదే కథలో ఇంకో మనిషి కూడా ఉంది. ఆయన భార్య శేషగిరి గారు. ఆయన 1948లో అమెరికాలోనే కన్నుమూశారు. ఆ పాతికేళ్ళలో ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. మనం వెళ్ళినవాళ్ళ గురించే పత్రికలు వేస్తాం, ఆగిపోయినవాళ్ళ గురించి ఎప్పుడో గానీ రాయం. అది వేరే వ్యాసం.

"ఇప్పుడొచ్చే పిల్లలకేం లోటు, బ్యాంకు లోన్లు తెచ్చుకుంటున్నారు" అని ఒక వాదన ఉంది. లోను అంటే మా వైపు రొయ్యల చెరువో, ఎకరం కొబ్బరితోటో తాకట్టు. కిస్తీ కట్టేది రూపాయల్లో, ఖర్చు డాలర్లలో. విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పని చెయ్యకూడదు. మొదటి ఏడాది బయట పని దాదాపు కుదరనే కుదరదు. 2023-24 విద్యాసంవత్సరంలో ఇక్కడ చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చైనా వాళ్ళని కూడా దాటేశాం. ఇంతమంది వస్తే క్యాంపస్‌లో ఉద్యోగాలెక్కడివి?

ఆ ఖాళీలోకి వచ్చేది ఎవరో చెప్పనా? "సాయం" చేసే మనవాళ్ళే. షాపులో రాత్రి డ్యూటీ, చేతికి డబ్బు, చట్టం సంగతి మాట్లాడొద్దు. పట్టుబడితే పిల్లాడి చదువు పోతుంది, వీసా పోతుంది, చెరువూ పోతుంది. ఇంకో రకం, ఉచితంగా గది ఇస్తాం రమ్మంటారు. వెళ్ళాక వంట, గిన్నెలు, ఇద్దరు చంటిపిల్లలు. ఆడపిల్లలైతే ఆ ఇంట్లోంచి బయటికి రావడానికి కూడా మొహమాటమే, ఎందుకంటే "వాళ్ళు మనకి ఉపకారం చేశారు కదమ్మా" అని ఊళ్ళోంచి అమ్మే చెబుతుంది. ఒంటరిగా వచ్చిన పిల్లకి మన నమ్మకం, భక్తి, కృతజ్ఞత అన్నీ అక్కడ సంకెళ్ళయిపోతాయి. దానికి మనం దయ అనే పేరు పెట్టుకోవడం నాకు సిగ్గుగా ఉంటుంది.

అందుకే నాకు వారం పద్ధతి నచ్చుతుంది. వారం ఇచ్చిన ఇల్లు పిల్లాడికి యజమాని కాదు. ఏడింట్లో ఒకటి. సోమవారం ఇల్లు అధికారం చలాయిస్తే ఆ సంగతి మంగళవారం ఇంట్లో చెప్పుకోవచ్చు. మా మాస్టారు అలా చెప్పుకునే రెండు ఇళ్ళు మార్చారు.

మన సంఘం దగ్గర అత్యవసర నిధి ఉంది. మంచిదే. కానీ అది ఎప్పుడు బయటికొస్తుంది? పిల్లాడు కారు ప్రమాదంలో పోయాక, లేదా ఇంకా ఘోరం జరిగాక, శవాన్ని ఊరు పంపడానికి. అప్పుడు మనకి ఒక్క రోజులో వేలు పోగవుతాయి. బతికున్నప్పుడు వాడికి కావాల్సింది వారానికి ఒక పూట అన్నం, కూరగాయల కొట్టుదాకా కారు, ఈ మంగళవారం రాలేదేమిటి అని గమనించే ఒక మనిషి. దీనికి కమిటీ అక్కర్లేదు, బ్యాంకెట్ అక్కర్లేదు, సినిమావాళ్ళు అసలే అక్కర్లేదు. ముఖ్యంగా ఫోటోలు అక్కర్లేదు. పోయిన ఏడాది ఇరవై మంది విద్యార్థులకి చలికోట్లు పంచి వేదిక మీద వరసగా నిలబెట్టి ఫోటోలు తీశారు. ఆ కోటు వేసుకుని వాళ్ళు మళ్ళీ మన కార్యక్రమానికి వస్తారా? నేనైతే రాను.

వాడుకుని వదిలేస్తారండీ, ఉద్యోగం రాగానే ఫోన్ కూడా చెయ్యరు అంటారు కొందరు. చెయ్యరు. నేను మాత్రం ఆ మొక్కజొన్న రైతుకి ఎన్నిసార్లు చేశాను? టెక్సాస్ వచ్చాక రెండు క్రిస్మస్‌లు కార్డులు పంపాను, మూడోదానికి మర్చిపోయాను. ఆయన పోయిన సంగతి ఏడాది తర్వాత తెలిసింది. బస్‌స్టేషన్ పెద్దావిడ పేరు కూడా నాకు తెలీదు. పడవ డబ్బులు సరేసరి. నా ఖాతాలో ఇన్ని బాకీలున్నాయి గనక ఎవడైనా నాకు ఫోన్ చెయ్యకపోతే నాకు కోపం రాదు.

నవంబర్లో ఆ బియ్యం బస్తా డిక్కీలో పెట్టాక, వాణ్ణి ఏమీ అడగలేదు. "మంగళవారం ఆరింటికి మా ఇంట్లో. ఐదున్నరకి వస్తా" అన్నాను. వాడు నోరు తెరిచాడు, మీకెందుకండి ఇబ్బంది అనబోయాడు. రేడియో సౌండ్ పెంచాను.

అప్పట్నుంచి ఒక్క మంగళవారం తప్పలేదు. మా ఆవిడకి ఊళ్ళోవాడు దొరికాడని సంబరం. గుత్తి వంకాయ, వంకాయ పచ్చడి, వంకాయ అల్లం కారం, మా వైపు వంటలన్నీ తిరిగి మొదలయ్యాయి. వాడికి ఇంకా ఆరు ఇళ్ళు కావాలి. వాడిలాంటి వాళ్ళు యూనివర్సిటీ దగ్గర కనీసం ఇంకో పదిమందైనా ఉన్నారు, అందులో నలుగురు ఆడపిల్లలు. వాళ్ళకి ఆడవాళ్ళే ఫోన్ చేసి రమ్మంటే బాగుంటుంది. బుధవారమో శనివారమో, మీకు వీలైన రోజు ఒకటి సంఘం కార్యదర్శి గారికి చెప్పండి. ఒకటే రోజు, కానీ ప్రతి వారం. ఊరెళితే పక్కింటికి చెప్పి వెళ్ళండి.

ఇంకొకటి. మొదటి రోజే వాడికి ఏం పడదో అడిగి తెలుసుకోండి. వంకాయ తింటే వీడికి నోరంతా దద్దుర్లొస్తాయట. పది మంగళవారాలు తిన్నాక, మొన్న సంక్రాంతికి వాళ్ళమ్మ మా ఆవిడకి ఫోన్లో చెప్పింది.